కలిసి తిన్నవాళ్ళు

3, మంగళవారం

అబద్ధాలకోరులు. ఒకళ్ళిద్దరు కాదు, మొత్తం అందరూ.

ఇవాళ ఎవరితో మాట్లాడినా మీద పడి కరిచేలా ఉన్నాను, అందుకే రాస్తున్నాను. నా కూతురు రెండుసార్లు వచ్చి "తిందువుగాని రామ్మా" అని పిలిచింది. రెండుసార్లూ కసిరాను. పాపం, దాని తప్పేం లేదు.

వంతు అనే మాటే ఎప్పుడూ వినలేదట! ట్యూటరమ్మ ముందు వరసగా నిలబడి, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పాఠం అప్పజెప్పారు. "మా బెడ్లు మేం చూసుకున్నాకే తినడానికి వెళ్ళాం మేడం." అబ్బో! ఈ నర్సింగు కాలేజీలో చేరిన కొత్తల్లో ఆ వంతు కనిపెట్టింది ఎవరమ్మా? మా క్లాస్ లీడర్ మైకు కాదూ? అది గుసగుసలాడినా వీధి చివరికి వినపడుతుందని ఆ పేరు. సగం మంది వార్డులో ఉండాలి, సగం మంది తినాలి అని కాలేజీ రూలు. విడివిడిగా తింటే ముద్ద దిగదని మైకే తేల్చింది. రోజుకొకళ్ళు వార్డులో ఉండిపోయి అందరి పేషెంట్లకీ జ్వరం, నాడి, బీపీ చూసి చార్టుల్లో ఎక్కించెయ్యాలి. మిగతావాళ్ళంతా హాయిగా కలిసి తినాలి. "ఆంటీ, మీరు పెద్దవాళ్ళు, మీకు ఆకలి ఆగుతుంది" అని నా వంతు మాటిమాటికీ వచ్చేలా చేసింది కూడా అదే. నేనూ ఇకిలించుకుంటూ ఒప్పుకున్నాను. పిల్లలు కదా, ఆడుతూ పాడుతూ తిననీ అనుకున్నాను. నన్ను అనాలి.

నిన్న మగవాళ్ళ వార్డులో వంతు నాది. మూలబెడ్డులో ఉన్నది రిటైరైన బస్సు డ్రైవరు, అందరం తాత అంటాం. ఆయన పిట్ట పేషెంటు. పిట్ట అంటే క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయి, గట్టిగా గాలి వేస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. నేను వెళ్ళేసరికి తాత పళ్ళు టకటకలాడుతున్నాయి. థర్మామీటరు పెడితే నూట రెండు దాటింది. రాద్దామని చార్టు తీస్తే మధ్యాహ్నం గడి అప్పటికే నిండి ఉంది. జ్వరం లేదని రాసి ఉంది. నాకు పని తగ్గిద్దామని పొద్దున్నే రాసి పెట్టేసిందట మహాతల్లి!

పరిగెత్తుకుంటూ భోజనాల గదికి వెళ్ళాను. బల్ల చుట్టూ అందరూ ఉన్నారు. అందరి ముందే చెప్పాను. "నీ తాతకి జ్వరం కాలిపోతోందే, చలి పుట్టింది. లేచి వెళ్ళి సిస్టర్‌కి చెప్పు, ఆ చార్టు మార్చు." పిట్ట నోట్లో ముద్దతోనే తలూపింది. మైకు "అయ్యో, వెళ్ళవే" అని కూడా అంది. నేను వెనక్కి వచ్చి మిగతా బెడ్లు చూసుకున్నాను.

అది వెళ్ళి తాతని చూసిందట, నిన్న సాయంత్రం నాతో తనే చెప్పింది. దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడట. తగ్గిందేమో అనుకుందట. సిస్టర్‌కి చెప్పలేదు, చార్టు మార్చలేదు. సాయంత్రానికి తాత ఐసీయూలో ఉన్నాడు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిందన్నారు.

"ఆ టైముకి ఆ బెడ్డు దగ్గర ఉన్నదెవరు?" అని ట్యూటరమ్మ అడిగితే, "ఆ పెద్దావిడ" అని డ్యూటీ సిస్టర్ నన్ను చూపించింది. పిట్ట వెక్కుతూ "ఆంటీయే చూశారు మేడం" అంది. అయిపోయింది. చూసింది నేను, కాబట్టి చార్టులో దొంగ రీడింగు వేసింది కూడా నేనే.

"నేనొచ్చి చెప్పాను కదర్రా" అని ఒక్కొక్క మొహం చూశాను. ఒకడు గోడ చూశాడు, ఒకతి చున్నీ సర్దుకుంది.

ప్రిన్సిపాల్ మేడం విచారణ పెడతారట. అప్పటిదాకా నేను వార్డులో అడుగు పెట్టకూడదు, క్లాసులకి మాత్రం రావచ్చు. దొంగ రీడింగు నాదేనని తేలితే కోర్సులోంచి తీసేస్తారు. తీసేస్తే మళ్ళీ అన్నయ్య బట్టల కొట్టే. మా ఆయన పోయినప్పటినుంచీ ఆ కొట్లో తానులు విప్పుతూ, మడుస్తూ, వదిన "మేమే లేకపోతే" అని మొదలుపెట్టినప్పుడల్లా నేలచూపులు చూస్తూ బతికాను. ఇంకోసారి నావల్ల కాదు. దేన్నైనా ఒప్పుకుంటాను గానీ ఆ గడప మాత్రం తొక్కను.

4, బుధవారం

నాకేం బాధ లేదు. కోపం, అంతే.

5, గురువారం

క్లాసుకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళకూడదు? తల దించుకోవాల్సింది నేనా? నా పక్క సీటు ఖాళీ. పిట్ట వెనక బెంచీలోకి పోయి కూర్చుంది. పోనీ, పీడా పోయింది.

ఇంగ్లీషు మాస్టారు లోకంలో ఉండే మనిషి కాదు. నర్సులకి మందుల పేర్లొస్తే చాలదు, మాటల పుట్టుక తెలియాలి అంటాడు. అందుకని ప్రతివాళ్ళూ ఒక ఇంగ్లీషు మాట తీసుకుని దాని అర్థమేంటో, అది ఎక్కణ్ణించి వచ్చిందో నిలబడి చెప్పాలి. పోయిన వారం చీటీలు తీయించాడు. ఒకళ్ళకి 'హాస్పిటల్' వచ్చింది, ఇంకొకళ్ళకి 'పేషెంట్'. నాకు 'క్లాస్‌మేట్'. అప్పుడు బల్లలు విరిగేలా చప్పట్లు కొట్టారు. "ఆంటీకి మన మాటే వచ్చిందిరోయ్!" అని మైకు ఈల కూడా వేసింది.

ఇవాళ మాస్టారు గుర్తు చేశాడు. "వచ్చే గురువారం మీరేనమ్మా. క్లాస్‌మేట్." ఈసారి చప్పట్లు లేవు, ఈల లేదు.

చెప్తాను మాస్టారూ. కడిగి పారేస్తాను.

6, శుక్రవారం

లైబ్రరీలో లావుపాటి డిక్షనరీ చూశాను. ఇంటికొచ్చాక అమ్మాయి ఫోన్లో వెతికి పెట్టింది. రెండూ ఒకటే చెప్పాయి.

క్లాస్ అంటే చదువుకునే గది అనుకునేదాన్ని. కాదట. లాటిన్ మాట. పూర్వం రోములో జనాన్ని ఎవరికెంత ఉందో చూసి గుంపులు కట్టేవారు, పన్నులు వెయ్యడానికీ, యుద్ధానికి పంపడానికీ. ఒక్కో గుంపు ఒక్కో క్లాస్. 'పిలవడం' అనే అర్థం లోంచి పుట్టి ఉండొచ్చని కొందరు పండితులంటారు. మేట్ ఇంకా బాగుంది. జర్మన్ వైపు నుంచి వచ్చిన పాత మాట, ఒకే బల్ల దగ్గర కూర్చుని తిండి పంచుకునేవాడని అర్థం. ఇప్పుడు మాంసానికి వాడే 'మీట్' దానికి చుట్టమే. ఒకప్పుడు తినేదేదైనా మీటేనట.

అంటే క్లాస్‌మేట్ అనేవాడు ఎవడయ్యా అంటే, పిలిస్తే వచ్చి, కలిసి కూర్చుని తినేవాడు!

పడీ పడీ నవ్వాను. అమ్మాయి భయపడింది. "అమ్మా, బాగానే ఉన్నావా?" అంది. బ్రహ్మాండంగా ఉన్నానే, ఇంకో మాట వెతుకు అన్నాను. "మనం బ్యాచ్‌మేట్స్ ఆంటీ" అనేది కదా మైకు, అదీ చూద్దాం అని. బ్యాచ్ అంటే ఒకసారి పొయ్యిలో పెట్టి తీసిన రొట్టెలట. మన భాషలో వాయి. ఒక వాయిలో దిగినవాళ్ళన్నమాట. స్నేహితుణ్ణి పిలిచే చమ్ అనే మాట చూస్తే, ఒకే గదిలో ఉండేవాళ్ళకి ఇంగ్లండు కాలేజీ కుర్రాళ్ళు పెట్టుకున్న పొట్టి పేరు అంటున్నారు. తిండి, పొయ్యి, గది! ఎక్కడైనా చదువు ఉందా?

మన మాట సహాధ్యాయి. కలిసి చదివేవాడు. మన మాటలో తిండి లేదు, వాళ్ళ మాటలో చదువు లేదు. "అవును మేడం, ఆంటీ చెప్పింది, నేను విన్నాను" అనేవాడు మాత్రం ఏ మాటలోనూ లేడు.

ఇదంతా అమ్మాయికి చెప్తూ ఊగిపోతున్నాను. అది అంతా విని, మెల్లిగా, "అవునుగానీ అమ్మా, సిస్టర్ అక్కడే వార్డులో ఉంది కదా. పిట్ట దాకా ఎందుకు పరిగెత్తావు? నువ్వే చెప్పొచ్చుగా?" అంది.

ఎవరి పేషెంటో వాళ్ళు చెప్పాలి, అది పద్ధతి. అంతే. దానికేం తెలుసు వార్డు సంగతి?

తలుపు దబ్బున వేసుకుని గదిలోకి వచ్చేశాను.

7, శనివారం

ఎవరి పేషెంటో వాళ్ళే చెప్పాలి. ఎవర్నడిగినా అదే చెప్తారు.

8, ఆదివారం

వచ్చారండీ ఇంటికి! మైకు, దాని వెనకాల ఇంకో ఇద్దరు. చేతిలో పళ్ళ సంచి. పేషెంటుని చూడ్డానికి వచ్చినట్టు.

గుమ్మంలోకి వచ్చినవాళ్ళని పొమ్మనలేను కదా. కూర్చోబెట్టాను. మంచినీళ్ళిచ్చాను. మైకు సగం తాగి, గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టింది.

"ఆంటీ, మేం అందరం చాలా ఆలోచించాం."

"అందరూ అంటే?"

"అంటే... క్లాసు."

"నేను క్లాసు కాదా?"

"అయ్యో, అలా కాదాంటీ. చూడండి, వంతు సంగతి బయటికొస్తే మొత్తం బ్యాచ్ పోతుంది. ఒక్కళ్ళూ మిగలం. అదే మీరు ఒక్క మాట... పొరపాటున రాశాను, కళ్ళు సరిగ్గా కనపడలేదు అన్నారనుకోండి. మీ వయసు చూసి ప్రిన్సిపాల్ మేడం వదిలేస్తారు. మేమందరం వెళ్ళి బతిమాలుతాం కూడా."

"వదలకపోతే?"

పక్కన ఉన్న కుర్రాడు, మర్యాదస్తుడు, ఎప్పుడూ బస్సులో నాకు సీటిచ్చేవాడు, నేలకేసి చూస్తూ అన్నాడు: "మాకైతే ఇప్పుడిప్పుడే మొదలు ఆంటీ. మీకు... అంటే, మీ అన్నయ్యగారి కొట్టు ఉంది కదా. మీకు ఈ ఉద్యోగం అంత అవసరమా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. నీ మొదలు నీకు ముద్దయితే నా మొదలు నాకు చేదా అన్నాను. నలభై దాటినదాన్ని, మీ పక్కన కూర్చుని ఎముకల పేర్లు బట్టీపట్టింది మీకు కాలక్షేపం కోసమనుకున్నారా అన్నాను. తాత బతుకుతాడో లేదో ఒక్కళ్ళైనా అడిగారా అన్నాను. అడగలేదు. వచ్చిన దగ్గర్నుంచీ తాత మాటే ఎత్తలేదు. పళ్ళ సంచి చేతిలో పెట్టి బయటికి నడవమన్నాను. మైకు గొంతు మొదటిసారి చిన్నదైంది.

మెట్లు దిగుతూ, వాళ్ళతో వచ్చిన అమ్మాయి వెనక్కి తిరిగి, "పిట్ట తినట్లేదు ఆంటీ. ఎవరితోనూ మాట్లాడట్లేదు" అంది.

నన్నేం చెయ్యమంటారు? బువ్వ కలిపి పెట్టమంటారా?

9, సోమవారం

తాత కళ్ళు తెరిచాడట. లిఫ్టు నడిపే అతను చెప్పాడు. బాత్రూములోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

విచారణ వచ్చే సోమవారం.

10, మంగళవారం

అన్నయ్య ఫోను చేశాడు. ఎవరు చెప్పారో మరి. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

"పోన్లేవే, అయ్యిందేదో అయ్యింది. చదువూ గిదువూ నీకెందుకని అప్పుడే అన్నాను కదా. కౌంటర్లో కొత్తగా ఒక అమ్మాయిని పెట్టుకుందామనుకుంటున్నాం. నువ్వొస్తే ఆ గొడవే లేదు. మీ వదిన కూడా అదే అంటోంది."

ఇంకా ఏం కాలేదన్నయ్యా, విచారణ కూడా మొదలవ్వలేదు అన్నాను. "అదేలే, అదేలే" అన్నాడు. మంచివాడే. మంచివాళ్ళ మీద అరవడానికి కూడా వీల్లేదు, అదొక దరిద్రం. ఫోను పెట్టేశాక గిన్నెలన్నీ ఎత్తెత్తి పడేస్తూ తోమాను.

12, గురువారం

చెప్పేశాను.

మాస్టారు పిలవగానే వెళ్ళి నిలబడ్డాను. కాగితం రాసుకున్నాను గానీ దాన్ని చూడలేదు. ముందు క్లాస్ అంటే ఏంటో చెప్పాను, రోము, పన్నులు, పిలుపు అన్నీ. మాస్టారు ముఖం వెలిగిపోయింది. తర్వాత మేట్ చెప్పాను. తిండి పంచుకునేవాడు, ఒకే బల్ల దగ్గర కూర్చునేవాడు. ఆ మాట దగ్గర ఆగి, బెంచీల్లో ఒక్కొక్కళ్ళనే చూస్తూ నిదానంగా అన్నాను.

"కాబట్టి క్లాస్‌మేట్ అంటే మనతో పాటు కూర్చుని తినేవాడు. అంతవరకే. మనం ఏదైనా చెబితే విన్నానని చెప్పాల్సిన బాధ్యత ఆ మాటలో లేదు. నేను అంతా వెతికాను మాస్టారూ. ఎక్కడా లేదు. పాపం, పిల్లల తప్పు కాదు, మాటే అలా పుట్టింది."

మైకు డెస్కు గీకుతోంది. బస్సులో సీటిచ్చే కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఎంత హాయిగా ఉందంటే, ఆ క్షణాన కోర్సు పోయినా పర్లేదనిపించింది.

వెనక బెంచీలో పిట్ట లేచింది. ఏదో అంటుందనుకున్నాను. తలుపు తోసుకుని బయటికి పరిగెత్తింది.

"ఏమైంది ఆ అమ్మాయికి? వాంతా?" అని మాస్టారు కంగారు పడి, వెంటనే మర్చిపోయి, నా వైపు తిరిగాడు. "చాలా బాగుందమ్మా! ఇంత లోతుగా ఎవరూ చెయ్యలేదు. అయితే ఒక్క సందేహం. మాట ఎక్కడ పుట్టిందో చెప్పారు. ఇప్పుడు మీరైతే ఏ అర్థంలో వాడతారు?"

నేను వాడను మాస్టారూ అన్నాను. కూర్చున్నాను.

హాయి ఇంటికొచ్చేదాకా కూడా నిలవలేదు. ఎందుకో తెలీదు. బస్సులో అంతసేపూ ఆ పిల్ల తలుపు తోసుకుని పోవడమే కళ్ళ ముందు ఆడింది. పోతే పోయింది! నాకేం బాధ లేదు.

15, ఆదివారం

రేపే. మొత్తం చెప్పేస్తాను. వంతు, మైకు, బల్ల చుట్టూ ఎవరెవరున్నారో, ఎవరేమన్నారో. ఒక్కణ్ణీ వదలను.

అమ్మాయి నా యూనిఫాం ఇస్త్రీ చేస్తూ, "సిస్టర్ సంగతి కూడా చెప్తావా?" అంది.

ఏ సిస్టర్ అన్నాను. అది ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి నా వైపు చూసింది. ఆ చూపు అచ్చం వాళ్ళ నాన్నది.

16, సోమవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ప్రిన్సిపాల్ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపలికి ముందు పిట్టని పిలిచారని అటెండరు చెప్పాడు. చాలాసేపటికి బయటికి వచ్చింది. మొహం ఉబ్బిపోయి ఉంది. నా ముందే ఆగింది.

"చెప్పేశాను ఆంటీ. ఆ రీడింగు నేనే రాశానని, మీరు వచ్చి చెప్పినా నేను సిస్టర్‌కి చెప్పలేదని. మీ తప్పేం లేదని."

నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం గాల్లో తేలాను. కొట్టు లేదు, వదిన లేదు, ఏమీ లేదు. ఆ తర్వాతే తట్టింది.

"మిగతావాళ్ళు? అందరూ విన్నారు కదా, చెప్పావా?"

తల అడ్డంగా ఊపింది.

"వంతు?"

"లేదాంటీ. మిమ్మల్ని నా పేషెంటుని ఒకసారి చూడమని నేనే అడిగానని చెప్పాను. వంతు సంగతి చెబితే అందరూ పోతారు కదా. మీరు కూడా."

"మరి నువ్వు?"

"నన్ను తీసేస్తారట. పర్లేదు. తాతకి అలా అయ్యింది నా వల్లే కదా."

పర్లేదట! వేలెడంత లేదు, త్యాగం చేస్తోందట! ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుని, ఇప్పుడు వచ్చి అందరి పాపం నెత్తినేసుకుంటుందా? అంత పెద్దరికం నీకు ఎవరిచ్చారే అని అడిగేలోపు అటెండరు నన్ను లోపలికి పిలిచాడు.

ప్రిన్సిపాల్ మేడం నిలబడే మాట్లాడారు. "మీ మీద అనుమానపడ్డందుకు బాధపడుతున్నాను. ఆ అమ్మాయి ఒప్పుకుంది. రేపట్నుంచి మీరు వార్డుకి వెళ్ళచ్చు. ఆమె విషయం మేం చూసుకుంటాం. ఇంకేమైనా చెప్పాలా?"

లేదు మేడం అన్నాను.

అన్నాను. ఇది రాసి తీరాలి. లేదు మేడం, థాంక్యూ మేడం అన్నాను. తలుపు దాకా నడిచాను. పిడి మీద చెయ్యి కూడా వేశాను. నేనేం అడగలేదు కదా, అదే చెప్పింది, అదే రాసింది, అదే పోతోంది అనుకున్నాను. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు కూడా సరిగ్గా ఇలాగే అనుకుని ఉంటారు.

ఒళ్ళు మండిపోయింది. పిట్ట మీద, మైకు మీద, మేడం మీద, పిడి పట్టుకున్న ఆ చేతి మీద.

వెనక్కి వచ్చి, ఆవిడ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఉంది మేడం. చాలా ఉంది." వంతు సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఎవరు కనిపెట్టారో చెప్పాను, నేను ఎన్నిసార్లు నవ్వుతూ చేశానో చెప్పాను. గడులు ముందే నింపడం పిట్ట ఒక్కదాని అలవాటు కాదని, వంతు ఉన్నన్నాళ్ళూ అందరం నింపామని, నేనూ నింపానని చెప్పాను. ఆ రోజు నేను వెళ్ళి చెప్పినప్పుడు బల్ల దగ్గర ఎవరెవరున్నారో చెప్పాను.

"ఆ సమయంలో డ్యూటీ సిస్టర్ ఎక్కడుంది?" అన్నారు మేడం.

"వార్డులోనే ఉంది. నాకు నాలుగడుగుల దూరంలో, తలవంచుకుని రిజిస్టర్లు రాసుకుంటోంది."

"మరి?"

"ఆమెకి చెబితే, ఈ పేషెంటు నీవాడు కాదు కదా, ఆ అమ్మాయేది, మిగతావాళ్ళేరి అని అడుగుతుంది. వంతు బయటపడుతుంది. అందుకని ఆమెని దాటుకుని భోజనాల గదికి పరిగెత్తాను. ముందు చెప్పాల్సింది నేను మేడం. పిట్టది రెండో తప్పు. మొదటిది నాది."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇదంతా చెప్పకుండా వెళ్ళిపోయి ఉంటే మీకేమీ అయ్యేది కాదు. తెలుసా?"

తెలుసు మేడం, అందుకే కోపంగా ఉంది అన్నాను.

17, మంగళవారం

అందరినీ ఒక్కొక్కళ్ళనే పిలిచి అడిగారట. మైకు చివరిదాకా కాదందట. బస్సులో సీటిచ్చే కుర్రాడు మాత్రం లోపలికి వెళ్తూనే "నేను విన్నాను మేడం" అన్నాడట. వాడి తర్వాత అందరూ విన్నారట! ఇన్ని రోజులూ చెవులు ఎక్కడ తాకట్టు పెట్టారో.

18, బుధవారం

తేల్చేశారు. ఎవరినీ తీసెయ్యరు. కానీ మా బ్యాచ్ మొత్తానికి వార్డు ట్రైనింగు రద్దు. మొదట్నుంచీ మళ్ళీ చెయ్యాలి. పరీక్షలు ఆర్నెల్లు వెనక్కి. నాక్కూడా. డ్యూటీ సిస్టర్‌కి చెప్పనందుకు నాకు, దొంగ రీడింగుకి పిట్టకి, విడిగా వార్నింగు.

క్లాసులో ఎవ్వరూ నా మొహం చూడలేదు. "మీకు హాయిగా ఉందా ఆంటీ ఇప్పుడు?" అని మైకు మాత్రం మొహం మీదే అడిగింది. లేదు అన్నాను. నిజంగానే లేదు. ఆర్నెల్లంటే మాటలా? ఇంకో ఆర్నెల్లు ఇంటి ఖర్చుకి అన్నయ్య దయ, వదిన మాటలు. అమ్మాయికి ఎలా చెప్పాలో కూడా తెలియదు.

పిట్ట మీద జాలిపడి చెప్పానని ఎవరైనా అనుకుంటే వాళ్ళ ఖర్మ. జాలి లేదు, గీలి లేదు. కోపంతో చెప్పాను. రాసి పెట్టుకుంటున్నాను, రేపు నేనే మర్చిపోకుండా.

సాయంత్రం ఆస్పత్రి వరండాలోంచి వస్తుంటే వెనకనుంచి చెప్పుల చప్పుడు. పిట్ట. రొప్పుతూ వచ్చి నా దారికి అడ్డంగా నిలబడింది. కాళ్ళ మీద పడి ఏడుస్తుందేమో, ఎలా లేపాలో అనుకున్నాను. ఏడవలేదు సరికదా, వేలు చూపించి అరిచింది.

"మిమ్మల్నెవరు చెప్పమన్నారు? వదిలేశారు కదా మిమ్మల్ని! మీ దారిన మీరు పోవచ్చుగా! ఆర్నెల్లు పోయాయి మీకు! బుద్ధుందా అసలు?"

"బుద్ధి గురించి నువ్వు చెప్తావా నాకు? గడిలో దొంగ నంబరు రాసినప్పుడు ఏమైందే నీ బుద్ధి?"

"ఒప్పుకున్నాగా! నేను ఒప్పుకున్నాక మధ్యలో మీరెందుకు?"

"ఒప్పుకోవడం కూడా సగమే ఒప్పుకున్నావు! మైకుని కాపాడటానికి నువ్వెవరే? అది నీకేమైనా మేనత్తా?"

"మైకుని కాదు, మిమ్మల్ని!"

"నన్ను కాపాడమని నేనడిగానా?"

"నన్ను కాపాడమని నేనడిగానా?"

నా నోరు ఎప్పుడూ పెద్దదే. దాని గొంతు ఇంత ఉంటుందని మాత్రం ఇవాళే తెలిసింది. కిటికీల్లోంచి పేషెంట్ల చుట్టాలు తొంగి చూస్తున్నారు. వార్డు బాయ్ పరుగున వచ్చాడు. నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నవాడేమో, మా ఇద్దరి మీదా ఒకేలా కళ్ళెర్రజేశాడు. "ఏయ్ పిల్లలూ! ఆస్పత్రనుకున్నారా, ఆటస్థలం అనుకున్నారా? మీ కాలేజీ గొడవలు బయట చూసుకోండి, నడవండి!"

"మధ్యలో నువ్వెవరు?" అని ఇద్దరం ఒక్కసారే అతని మీదకి లేచాం.

అతను బిత్తరపోయి వెనక్కి తగ్గాడు. మేం బస్టాపు దాకా అరుచుకుంటూనే వెళ్ళాం. దాని బస్సు ముందొచ్చింది, లేకపోతే ఇంకో నాలుగు మాటలు మిగిలి ఉన్నాయి నా దగ్గర. రేపు క్లాసులో చెప్తాను.